గుడ్ల బండి వెనక టైరు పట్టుదల

నేను ఒక మోటార్ సైకిలు వెనక టైరుని. ముందు టైరుగారు దారి చూస్తారు, పేరు కొట్టేస్తారు. బరువు మోసేదీ, బురద చిమ్మేదీ, చిమ్మినందుకు తిట్లు తినేదీ నేను. ఒళ్లంతా నలుపు, లోపలంతా గాలి. అలాగని నావన్నీ గాలి కబుర్లనుకునేరు! ఆ గాలి ఉన్నంతసేపే మీ బండి, మీ దర్జా. అది పోయిన రోజున నన్ను తోసుకుంటూ నడిచేది మీరే.

ఫ్యాక్టరీలో నన్ను వేడి అచ్చులో పెట్టి, ఒంటినిండా గాట్లు ఒత్తి బయటికి లాగారు. అచ్చులో పడి బయటికొచ్చాను కాబట్టి నేనూ అచ్చయిన రచననే. కాకపోతే నన్ను చదివేది రోడ్డు.

నర్సీపట్నం టైర్ల కొట్టులో నా పక్క మేకుకి ఇంకో టైరు వేలాడేవాడు. ధర ఒకటే, కొలత ఒకటే, గుణం వేరు. నాది మెత్తటి రబ్బరు, వాడిది రాయి. "నేను ఏళ్ల తరబడి అరగను" అని వాడు, "నేను చచ్చినా జారను" అని నేను. నాకు అరుగుదల ఎక్కువ, వాడికి అసలు లేదు. మనుషుల్లో అయితే డాక్టరు నన్నే మెచ్చుకునేవాడు. టైర్లలో ఈ జబ్బు నాది!

ఒకనాడు సన్యాసినాయుడు వచ్చాడు. పేరుకే సన్యాసి. ఇంట్లో భార్య, పిల్లలు, అత్తగారు. బండి మీద లంబసింగి ఘాట్ ఎక్కి హోటళ్లకి గుడ్లు వేస్తాడు. వెంట భార్య నూకరత్నం, ఆమె తమ్ముడు జగ్గారావు ఉన్నారు. జగ్గారావుదీ గుడ్ల వ్యాపారమే, వాడి బండికీ టైరు కావాలి. ముగ్గురూ మమ్మల్ని గోరుతో గిచ్చారు, పిడికిలితో గుద్దారు, వాసన చూశారు. వంకాయలకి కూడా ఇంత మర్యాద జరగదు.

"గట్టిది తీసుకో బావా. నీ మనవడి పెళ్లిదాకా తిరుగుద్ది," అన్నాడు జగ్గారావు.

"మనవడి సంగతి తర్వాతరా. ముందు ఈ మనిషి ఘాట్ దిగి ఇంటికి రావాలి కదా. మాకు మెత్తదే కావాలి," అంది నూకరత్నం.

అలా నేను బావకి, రాయిగాడు బామ్మర్దికి దక్కాం.

లంబసింగిలో పెద్ద హోటలు బంగారమ్మగారిది. చలికాలం టూరిస్టులు తెల్లారకుండానే ఆమ్లెట్ల కోసం బారులు తీరుతారు. ఆవిడ బావనీ బామ్మర్దినీ పిలిచి ఒకే మాట చెప్పింది. "దసరా మర్నాడు ఇద్దరూ గుడ్లు తెండి. ఎవరివి పగలకుండా వస్తే సీజనంతా వాళ్లవే." ఆ సీజను పోతే సన్యాసినాయుడు బండి అమ్ముకుని కోళ్ల ఫారంలో కూలికి పోవాలి. అందుకని ఇంటిల్లిపాదీ నా మీదే ఆశ పెట్టుకున్నారు.

ఆశ ఎక్కువైతే ఏమవుతుందో దసరా నాడు తెలిసింది. బండిని కడిగారు, బొట్లు పెట్టారు, నా కింద నిమ్మకాయ పెట్టారు. అంతవరకు బాగానే ఉంది. అప్పుడు అత్తగారు కొబ్బరినూనె గిన్నెతో వచ్చింది. "పాపం, మా అల్లుడి కోసం కష్టపడాలి కదమ్మా," అంటూ నాకు నఖశిఖపర్యంతం తలంటింది. తల ఎక్కడో తెలియక ఒళ్లంతా తలే అనుకుంది. నేను నిగనిగలాడిపోయాను. నా పట్టంతా పట్టుబట్టలా జారుడైపోయింది.

మర్నాడు ఘాట్ మొదటి మలుపులోనే నేను పక్కకి జర్రుమన్నాను. వెనక ట్రేలు గలగల్లాడాయి, సన్యాసినాయుడి గుడ్లు పైకి తేలిపోయాయి. అంటే కళ్లు. కాలు ఆన్చి ఎలాగో నిలబెట్టాడు. నా ఒంటి మీద చెయ్యి వేసి చూసి, "ఓరి నాయనో, నూనె!" అని మెల్లిగా వెనక్కి దిగి, కొండ మొదట్లో ఉన్న టీ బడ్డీ దగ్గర ఆపాడు. పొయ్యిలో బూడిద, పక్కన కొబ్బరి పీచు కనిపించాయి. ట్రేలు దించి, గొంతుక్కూచుని నన్ను తోమడం మొదలుపెట్టాడు.

"ఏటి నాయుడూ, బండికి అంట్లు తోముతున్నావేటి?" అంది టీ అమ్మే ఆవిడ.

"మా అత్త వండిన వంటమ్మా. అడుగంటింది," అన్నాడు చెమట తుడుచుకుంటూ.

అంతలో జగ్గారావు బండి దూసుకెళ్లింది. "తలంటు అయ్యాక సాంబ్రాణి కూడా వేయించుకుని రా బావా!" అని అరిచాడు. రాయిగాడు నన్ను చూసి నవ్విన నవ్వు ఇప్పటికీ మర్చిపోలేదు.

నన్ను బూడిదతో తోమి, నీళ్లతో కడిగి, మళ్లీ తోమాడు. నా నిగారింపు పోయింది, నా పట్టు నాకొచ్చింది. మంచుకి తడిసిన రోడ్డుని మలుపు మలుపునా కావలించుకుని ఎక్కాను.

పై మలుపు దాటగానే జగ్గారావు కనిపించాడు. బండి కాలవలో, మనిషి గట్టు మీద, గుడ్లు ఎటు చూస్తే అటు. దెబ్బలేం తగల్లేదు. తడి మీద రాయిగాడు జారాడు, అంతే. సన్యాసినాయుడు దాటి పోవచ్చు. పోలేదు. ఆగి, బండి పైకి లాగి, మిగిలిన గుడ్లు ఏరి కట్టించాడు.

హోటల్ దగ్గర బంగారమ్మగారు ట్రేలు విప్పి చూసి, "నాయుడివి చెక్కు చెదరలేదు. నీవేటిరా జగ్గా?" అంది.

"నావి దారిలోనే ఆమ్లెట్టయిపోయినాయి అమ్మగారూ. సీజను బావకే ఇవ్వండి," అన్నాడు వాడు, నెత్తి మీది సొన తుడుచుకుంటూ. "నన్ను లాగడానికి ఆగకపోతే ఇంకా ముందే వచ్చేవోడు."

సీజను మాదైంది. రోజూ కొండెక్కే బావకి ఇక నర్సీపట్నం బజారు తిరగడానికి తీరిక ఉండదు కాబట్టి, అక్కడ తను గుడ్లు వేసే కొట్లన్నీ జగ్గారావుకి అప్పజెప్పాడు. బల్లపరుపు రోడ్డు మీద రాయిగాడు రాజాలా తిరిగాడు, అరగలేదు. నేను సీజను చివరికే నున్నటి గుండయ్యాను. ఎవరు లాభం అని అడిగితే, ముందు మీ ఇల్లు కొండ మీదో కింద ఊళ్లోనో చెప్పండి అంటాను.

నన్ను ఊడదీసి కొత్త టైరు వేసిన రోజు ఎవడో వచ్చి, కొత్తగా గాట్లు కోసి అమ్ముకుంటానన్నాడు. "వద్దు. కొత్తదనుకుని ఎవడో ఘాట్ ఎక్కుతాడు," అని సన్యాసినాయుడు నన్ను అక్కడికక్కడే కోసేశాడు. చెప్పులు కుట్టే ఆయన నన్ను జతలు జతలుగా మార్చాడు. ఒక జత బంగారమ్మగారి కాళ్లకి చేరింది. ఆవిడ వంటింటి తడి నేల మీద ధీమాగా నడుస్తుంది.

తెల్లవారుజామున మంచులో ఆవిడ గుమ్మం దగ్గర నిలబడి దారి చూస్తుంది. ఆవిడ కింద నేనూ చూస్తాను. ఘాట్ కింది నుంచి మా బండి చప్పుడు వస్తుంది. పై మలుపు దగ్గర ఒక్క క్షణం నాకు ఊపిరాడదు, అసలు నాలో ఊపిరే లేకపోయినా. చప్పుడు తడబడకుండా మలుపు దాటుతుంది.

పర్వాలేదు. కుర్ర టైరు మెత్తవాడే.