ఎడమవైపు మెరుపు

భూతద్దం అంటే ఆ కుటుంబంలో వస్తువు కాదు, మామగారు. బట్టల మిల్లులో థాన్లు పరిచి నేతలో లోపాలు పట్టడం ఆయన ఉద్యోగం. మిల్లు ఆయన్ని వదిలింది గానీ ఆ చూపు ఆయన్ని వదల్లేదు. కాబోయే అల్లుణ్ణి మొదటిసారి చూసినప్పుడు కూడా ముఖం కన్నా ముందు కాలరు కుట్టు చూశాడు. అలాంటి మనిషికి ఒక నల్లకారు ఉంది. నల్లరంగు మీద ఈగ వాలినా ఆనవాలు తెలుస్తుంది కాబట్టి, ఆ కారు రోడ్డు మీద కన్నా గుడ్డ కిందే ఎక్కువకాలం బతికింది.

ఇప్పుడు కూతురికి నెలలు నిండాయి. ఆసుపత్రి ఊరికి ఆ చివర. పురుడయ్యేదాకా కారు పిల్లల దగ్గర ఉంచమని అత్తగారు ఆయన చెవిలో ఇల్లు కట్టుకుని పోరితే కాస్త మెత్తబడ్డాడు.

"ఇవాళ ఒక్కరోజు ఇస్తున్నా అల్లుడుగారూ. సాయంత్రం వచ్చి చూస్తా. బాగుంటే మీ దగ్గరే ఉంటుంది. లేదంటే నాతో వచ్చేస్తుంది" అన్నాడు. పురుడు కూతురిది, పరీక్ష అల్లుడిది.

అల్లుడు భార్యని డాక్టరుకి చూపించి తీసుకొచ్చాడు. ఎంత నెమ్మదిగా నడిపాడంటే సైకిలువాళ్లు కూడా జాలిగా చూసి దాటిపోయారు. కారు మీద గీత పడలేదు. అక్కడితో ఊరుకుంటే బాగుండేది. మామగారి మెప్పు కూడా కావాలనిపించి, నీళ్లయినా కొట్టకుండా పాత చొక్కాతో దుమ్ము దులపడం మొదలుపెట్టాడు. ఆ చొక్కాకి బొత్తాలింకా ఉన్నాయన్న సంగతి ఎడమవైపు ముందు తలుపు మీద తెల్లటి గీత పడ్డాకే తెలిసింది.

గుమ్మంలో కుర్చీ వేసుకుని నడుం నొక్కుకుంటున్న భార్య అక్కణ్ణించే వైద్యం చెప్పింది. "గోరు పెట్టి గీసి చూడండి. గోరు ఆగితే లోతుగా పడ్డట్టు. ఆగకపోతే పైపైనే. మా నాన్న నాకు అక్షరాల కన్నా ముందు ఇదే నేర్పాడు."

గోరు ఆగలేదు. అంటే అక్షరాలా గోటితో పోయేదే. మనవాడు దాన్ని గొడ్డలి దాకా తీసుకెళ్లాడు. వీధి చివర కొట్లో పాలిష్ ముద్ద కొన్నాడు. తలుపు కడిగి, ఆరబెట్టి, మెత్తటి గుడ్డకి శనగగింజంత ముద్ద అద్ది, గీత మీద చిన్న చిన్న సున్నాలు చుడుతూ రుద్దాడు. ముద్ద ఆరి తెల్లపొడి అయ్యాక తుడిస్తే గీత మాయమైంది.

కానీ రుద్దినచోట అరచెయ్యంత మేర కొత్తగా మెరుస్తోంది. ఆ మెరుపు పక్కన మిగతా తలుపు ముసలిదైపోయింది. సరేనని తలుపంతా రుద్దాడు. ఈసారి వెనక తలుపు వెలవెలబోయింది. అదీ రుద్దాడు. సాయంత్రానికి ఎడమవైపంతా ధగధగలాడింది, అల్లుడి భుజం పడిపోయింది, మామగారి స్కూటరు వచ్చి వాకిట్లో ఆగింది.

ఆయన కారు చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు. కళ్లజోడు నుదుటి మీదికి ఎత్తి కుడివైపు వంగి చూశాడు. ఎడమవైపుకి వచ్చాడు. మళ్లీ కుడివైపుకి వెళ్లాడు.

"కుడివైపు ఏం చేశావయ్యా?" అన్నాడు. మీరు కాస్తా నువ్వయింది.

"ఏం చెయ్యలేదు మావయ్యగారూ."

"చెయ్యకపోతే ఇలా వెలిసిపోతుందా? ఎడమవైపు చూడు, కొన్ననాటి రంగు! ఎండలో పడేశావా? బట్టల సబ్బు గానీ రుద్దావా?"

అల్లుడు తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. నిజం చెబితే గీత బయటపడుతుంది, చెప్పకపోతే కారు వెళ్లిపోతుంది. చివరికి "పాలిష్ పెడితే సర్దుకుంటుందేమో మావయ్యగారూ, ఇంట్లో డబ్బా ఉంది" అని నసిగాడు. ఆ డబ్బా సగం ఎందుకు ఖాళీ అయిందో భూతద్దానికి కనపడలేదు.

మామా అల్లుళ్లు చెరో గుడ్డా పట్టుకుని కుడివైపు మీద పడ్డారు. "సున్నాలు చిన్నవి చుట్టు. నీ జీతం పక్కన సున్నాలు కావివి, తొందరపడకు" అని మామగారు ఛలోక్తి కూడా విసిరాడు. పెళ్లయ్యాక ఆయన తనతో నవ్వుతూ మాట్లాడటం అదే మొదలు. అల్లుడికి ఒళ్లంతా పొంగిపోయింది. ఆ పొంగులో గుమ్మం వైపు చూడటం మర్చిపోయాడు.

"ఏమండీ, నొప్పులు మొదలయ్యాయి" అంది భార్య.

అల్లుడు గుడ్డ పారేసి తలుపు పిడి అందుకోబోయాడు.

"ఆగు! ముద్ద ఇంకా ఆరలేదు, చెయ్యి పెడితే మచ్చ పడిపోతుంది. ఆరగానే తుడిచేసి వెళ్దాం" అన్నాడు మామగారు.

అల్లుడి చెయ్యి ఆగిపోయింది. ఎడమవైపు తలుపులు ఎప్పుడో ఆరి సిద్ధంగా ఉన్నాయన్న ముక్క ఆ ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. ఆగిపోయిన ఆ చేతిని తర్వాత జీవితమంతా తిట్టుకున్నాడు గానీ, అప్పటికి మాత్రం అది ఆగింది.

భార్య అరవలేదు, ఏడవలేదు. టాక్సీని అప్పటికే పిలిచేసింది. వచ్చిన బండికి సొట్ట లేని చోటు లేదు, ముందు తలుపు ఒక రంగు, వెనక తలుపు ఇంకో రంగు. డ్రైవరు పరుగున దిగి ఆమె చేతిలో సంచి అందుకుని తలుపు తెరిచాడు. ఆమె పళ్లబిగువున సీట్లో కూర్చుని, తెల్లముద్ద పూసుకుపోయిన చేతులతో నిలబడ్డ తండ్రినీ మొగుణ్ణీ కిటికీలోంచి ఒకసారి పైనుంచి కిందికి చూసింది.

"కంగారేం లేదు నాన్నా, మీరిద్దరూ ఆరాక రండి" అంది.