మొదటి మాట

మాల అద్దం ముందు నిలబడి జడ అల్లుకుంటోంది. వెనక మంచం మీద తండ్రి మునిశామప్ప ఆమె డైలాగు కాగితం మోకాలి మీద పరుచుకుని కూర్చున్నాడు. అరవై దాటిన బక్కపలచని మనిషి. తన తల్లి గురువమ్మ నడిపిన నాటకాల కంపెనీలో ముప్పయ్యేళ్లు తెర పక్కన నిలబడి మాటలు అందించాడు. ఒక చేతిలో పుస్తకం, ఇంకో చేతిలో ఎర్రగుడ్డ కట్టిన టార్చి. నంగలి నుంచి రాయల్పాడు దాకా రాజుల చేతా రాణుల చేతా మాట్లాడించింది ఆయనే. ఆయన పేరు మాత్రం ఒక్క కరపత్రంలోనూ పడలేదు.

"మా తాత చెమట..." అన్నాడు.

"ఉండాది సార్ ఈ దిబ్బలో. దీన్ని యాడికీ తీసకపోనియ్యం," అని మాల గడగడా అప్పజెప్పింది.

ఆయన పద్ధతి అది. మొదటి మాటలు మాత్రమే ఇస్తాడు, తక్కినవి నటులే అందుకోవాలి. ఏడేళ్లప్పుడు నాయనమ్మ పక్కన బాలవేషం కట్టిన నాటి నుంచీ మాలకు అదే అలవాటు. ఆ మొదటి మాట చెవిన పడందే నోరు పెగలదు. బెంగళూరులో ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఎలా చెబుతుంది? సీరియల్లో చేస్తున్నప్పుడు ఒక దర్శకుడు, "నాటకాల వాసన కొడుతోందమ్మా" అని అందరి ముందూ నవ్వాడు. అప్పటి నుంచి ఎవరడిగినా తన తండ్రి బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాడని చెప్పుకుంటోంది. ఇది మొదటి సినిమా. ఇది చేజారితే మళ్లీ హీరోయిన్ వెనక పళ్లెం పట్టుకుని నిలబడటమే.

"ఈపొద్దు మనూర్లోనే కదమ్మా షూటింగు. నేనూ వస్తా."

"దూరంగా నిలబడతావా నాయనా?"

"నేను యాడ నిలబడినా ఎవురికీ కనబడను లేమ్మా. అదే కదా నా పని," అని నవ్వాడు.

పది గంటలకే, బంగారు గని మట్టి గుట్టగా పోసిన సైనైడ్ దిబ్బ మీద ఎండ చుర్రుమంటోంది. ఈ సినిమాకు డబ్బింగ్ లేదు, మాటలు అక్కడికక్కడే రికార్డు చేస్తున్నారు; సీరియల్లోలా పక్క నుంచి ఎవరూ మాట అందించరు. దర్శకుడు పురుషోత్తమ్ "యాక్షన్" అన్నాడు. మాల నోరు తెరిచింది, మాట రాలేదు. రెండోసారీ అంతే. మూడోసారికి ఆయన వాచీ చూసుకున్నాడు.

నాలుగోసారి పక్క నుంచి సన్నగా వినిపించింది: "మా తాత చెమట..."

మాలకు డైలాగంతా ఏకబిగిన వచ్చేసింది. కానీ హెడ్‌ఫోన్లు పెట్టుకున్న సౌండతను చెయ్యెత్తాడు. "ఎవరో మాట్లాడారు సార్. టేకు పోయింది."

అందరూ తిరిగి చూశారు. మునిశామప్ప జనంలోంచి ఎప్పుడు ముందుకొచ్చాడో, సౌండ్ బల్ల పక్కన నిలబడి ఉన్నాడు. పట్టపగలు టార్చి వెలిగించి, అరచేతిలో కాగితం మీదికి పట్టుకున్నాడు. ఎవరో కిసుక్కున నవ్వారు.

"ఎవరాయన? మీవాళ్లా మాలా?"

"కాదు సార్," అంది మాల. "షూటింగ్ చూడ్డానికి..."

మునిశామప్ప ఒక్క క్షణం ఆమె వంక చూశాడు. జీవితంలో మొదటిసారి ఆయనకొకరు మాట అందించారు. తడుముకోకుండా అందుకున్నాడు.

"చూసేదానికి వచ్చినా సామీ. ఆ పక్క గని కూలీల లైను ఇండ్లలో ఉంటా. నాకు ఈడ ఎవురూ తెలీదు. తప్పయిపోయినాది." టార్చీ కాగితమూ బల్ల మీద పెట్టి రెండు చేతులూ జోడించాడు. తర్వాత వెనక్కి తిరగకుండా దిబ్బ దిగి వెళ్లిపోయాడు.

తండ్రి అంత బాగా నటించగలడని మాలకు అప్పటిదాకా తెలియదు. ఆయన అందించిన మొదటి మాట ఇంకా చెవిలోనే ఉంది. తరువాతి టేకులో కళ్లనీళ్లతో సహా డైలాగు చెప్పేసింది. "ఎంత సహజంగా చేశావమ్మా!" అని పురుషోత్తమ్ చప్పట్లు కొట్టాడు. ఆ చప్పట్లు చెంపల మీద పడ్డట్టే ఉన్నాయి.

భోజనాల వేళ ఇంటికి ఫోన్ చేసింది. తల్లి శశికళ ఎత్తింది.

"మీ నాయనా? బట్టలు సర్దుకోని నంగలికి బస్సెక్కినాడు, మీ అత్త ఇంటికి. మీ షూటింగు అయ్యేదాకా ఈ ఊర్లో కనబడకూడదంట. ఏమయిందే?"

మాల నోరు తెరిచింది. మాట రాలేదు. సౌండ్ బల్ల మీద, ఎర్రగుడ్డ కట్టిన టార్చి ఆ ఎండలో ఇంకా వెలుగుతూనే ఉంది.