నొక్కుపడిన చక్రం

ఒట్మార్‌కు గొంతు లేదు. కాన్సర్ అని ఆసుపత్రిలో కోసేశారు. ఇప్పుడు మాట్లాడాలంటే చేతిలో పట్టేంత యంత్రం మెడకు ఆనించి మీట నొక్కాలి. తుమ్మెద రొదలాంటి మాట వస్తుంది. తిట్టినా, ముద్దు చేసినా ఒకటే శ్రుతి.

ఈ మనిషే మా ఫ్యాక్టరీ గాయక బృందంలో మొదటి గొంతు. జర్మనీలో మా నల్లడవి లోయలో ఫ్యాక్టరీ అంటే రికార్డు ప్లేయర్లదే. అది మూతపడకముందు కార్మిక సంఘం తరఫున ఒకే ఒక్క రికార్డు వేయించాం. అందులో ఒక పాట ఒట్మార్ ఒక్కడే పాడాడు. లోకంలో అతని గొంతు మిగిలింది ఆ పాటలోనే.

మంచు మొదలయ్యాక ఒట్మార్‌ను ఆసుపత్రి నుంచి ఇంటికి పంపారు. నేను అతని పక్క బల్ల మీద పనిచేసినవాణ్ణి, సంఘం కార్యదర్శిని. చూడ్డానికి వెళ్లాను. నన్ను కోటు కూడా విప్పనివ్వకుండా ఆ పాట పెట్టాడు. పాటతోపాటు డబడబడబమని గుండెదడ లాంటి చప్పుడు.

ప్లేయర్‌లో రికార్డు తిరిగే పళ్లెం ఎత్తి చూశాను. అడుగున రబ్బరు చక్రానికి నొక్కు పడింది. మా ప్లేయర్లలో మోటారు కడ్డీ ఆ చక్రాన్ని తిప్పుతుంది, చక్రం పళ్లెం అంచును తిప్పుతుంది. మీట ఆపితే చక్రం వెనక్కి జరుగుతుంది. ఆపకుండా ప్లగ్గు పీకితే కడ్డీకీ అంచుకీ మధ్య నలుగుతూనే ఉంటుంది. ఇది మా లోయలో పిల్లలకు కూడా తెలుసు.

"ప్లగ్గు ఎవరు పీకారు?" అని అడిగాను.

ఒట్మార్ కోడలు గెర్లిండ మొహం పాలిపోయింది. "అంబులెన్స్ వచ్చిన రోజు ఉరుములు బాబాయ్. ఉరిమితే ప్లగ్గులన్నీ పీకడం మా అమ్మ దగ్గర్నుంచి అలవాటు. సూది జాగ్రత్తగా ఎత్తాను, రికార్డు తుడిచి కవరులో పెట్టాను. మీట సంగతి..."

మా లోయలో ఉరుముకు ప్లగ్గు పీకని ఇల్లు ఉందా? ఆ పిల్లనేమనాలి?

"ఏడవకు. నన్ను కోసినాయన నీకంటే మొరటోడు," అంది యంత్రం.

కొడుకు ఎవాల్డ్ తన కొత్త ప్లేయర్ తెచ్చాడు. పల్చటి బెల్టు తిప్పేది. చప్పుడంటూ లేదు. "కొలిచి చూడు నాన్నా, ప్రతి లెక్కలోనూ ఇదే మెరుగు."

"అయితే ఆ లెక్కల్నే పెళ్లాడరా," అన్నాడు ఒట్మార్.

అందులో పాట విన్నాం. శుభ్రంగా ఉంది. ఒట్మార్ తలుపు వైపు చూపించాడు. "ఎవడో పాడుతున్నాడు. బాగానే పాడుతున్నాడు. కాఫీ ఇచ్చి పంపించెయ్యండి."

ఒకే రికార్డు రెండింట్లో వేరుగా ఎందుకు వినిపిస్తుంది? పత్రికల్లో బోలెడు రాస్తారు. నాకు తెలిసింది ఇంతే. బెల్టు సాగుతుంది. పెద్ద స్వరం వచ్చినప్పుడు సూది బరువుగా లాగితే పళ్లెం వేగం రవ్వంత తగ్గుతుంది. మా చక్రం సాగదు, మోటారు భుజం పెట్టి నెడుతుంది. కింద ఒట్మార్ తన చేతులతో చేసిన చెక్కపెట్టె కూడా కాస్త వణుకుతుంది, ఆ వణుకు గొంతుకింద చేరుతుంది. అది దోషమే, నేను కాదనను. కానీ పై స్వరానికి ముందు అతను పీల్చే ఊపిరికి ఆ పెట్టెలో ఛాతీ ఉండేది. కొత్తదాంట్లో ఊపిరి ఉంది, ఛాతీ లేదు. నిజంగా లేదో, ఇన్నేళ్లు అలా విని మా చెవులు మరిగాయో, చెప్పలేను. అతను తనను తాను విన్నది మాత్రం ఆ పెట్టెలోనే.

ఇంకో చక్రం కోసం లోయంతా తిరిగాను. ఫ్యాక్టరీ గోదాములో సరుకంతా తుక్కు కింద పోయింది. ఒక పాత మిత్రుడి నేలమాళిగలో కొత్తది దొరికింది, సంచీ కూడా విప్పనిది. కానీ ఏళ్ల తరబడి పడి ఉండి రబ్బరు రాయిలా బిగుసుకుపోయింది. నేను క్యాంటీన్ సూపు నీళ్లగా ఉందని పని ఆపించినవాణ్ణి. ఇక్కడ ఎవడి మీద జెండా ఎత్తాలి? ఉరుముల మీదా? రబ్బరు మీదా?

చివరికి పాత చక్రాన్నే గరుకు కాగితంతో అరగదీశాం. అతను తిప్పాడు, నేను కాగితం ఆనించాను. నొక్కు పోయింది. పాట పెట్టాం. చప్పుడు లేదు. పెట్టె వణికింది, ఊపిరి వచ్చింది, ఛాతీ కూడా వచ్చింది. గెర్లిండ నా చెయ్యి పట్టుకుంది.

పై స్వరం వచ్చింది. మెత్తటి పైపొర అరిగిపోయిన చక్రం పళ్లెం అంచును పట్టలేక జారింది. ఎప్పుడూ శ్రుతి తప్పని మనిషి గొంతు మా కళ్లముందే కిందికి వాలింది. మళ్లీ పెట్టాడు. మళ్లీ అక్కడే వాలింది.

ఎవాల్డ్ కిటికీ వైపు తిరిగాడు. గెర్లిండ మాత్రం చప్పుడు పోయిందన్న సంతోషంలోనే ఉంది.

"ఇప్పుడు సరిపోయింది కదా మావయ్యా?"

ఒట్మార్ ఆమెను చూశాడు. యంత్రం మెడకు ఆనించాడు.

"సరిపోయింది."

ఆమె కేక్ కోయడానికి వంటింట్లోకి పరుగెత్తింది. అతను ఆ మాట ఏ మనసుతో అన్నాడో ఆ రొదలో తెలియలేదు. అతను మీట ఆపి, చక్రం వెనక్కి జరిగిందా లేదా అని వంగి చూసుకుంటున్నాడు.