సీసం బిగించని ముఖం

పొద్దున్నే టీ తాగడం అవగానే ఆయన సీసపు పట్టీలు సాగదీసుకుని కూర్చునేవాడు. ఆవిడ కొలిమి తలుపు తీసి, చల్లారిన అద్దాలు ఒక్కొక్కటే బయట పెట్టేది. చర్చిలకు రంగుటద్దాల కిటికీలు చేసివ్వడం ఆ మొగుడూ పెళ్ళాల పని. ముఖాలు గీసి కాల్చడం ఆవిడ వంతు, ముక్కలన్నీ సీసంతో కలిపి మాటేయడం ఆయన వంతు. ఒకే బల్లకి అటూ ఇటూ కూర్చుని, పెళ్ళయిన నాటినుంచీ పోట్లాడుకుంటూనే పని చేస్తున్నారు. పోట్లాటంతా తొందర గురించే.

తొందరెందుకంటే, గీసిన ముఖం సీసం బిగించేదాకా వయసు పెంచుకుంటూ పోతుంది. ఏ పనిశాలలోనైనా ఉన్నదే. చుట్టూ పట్టీ పడి మాటు ఆరిందా, ఆ వయసు దగ్గర ఆగిపోతుంది. లేదంటే జుట్టు నెరిసి, బుగ్గలు జారి, ఆఖరికి గీతలన్నీ చెరిగిపోయి వట్టి అద్దం మిగులుతుంది. ఒకసారి చుట్టాలింట్లో పెళ్ళి హడావిడిలో పడి, కన్య మరియ ముఖాన్ని అరలోనే మర్చిపోయారు. తిరిగొచ్చేసరికి బోసి నోటితో కూర్చుని ఉంది. ఇంకెవరో యేసు అమ్మమ్మ బొమ్మ కావాలంటే, కిక్కురుమనకుండా ఆ ముఖాన్నే సర్దేశారు.

ఈసారి ఫాదర్ పిల్ల దేవదూత కావాలన్నాడు. ఇంటాయన రెక్కలూ, అంగీ, మేఘాలూ బిగించేసి, ముఖం మేరకు ఖాళీ ఉంచాడు. ఆ ఉదయం ఆవిడ కొలిమిలోంచి తీసిన ముఖం చూసి ఆయన చేతిలో సుత్తి చేతిలోనే ఉండిపోయింది. వాళ్ళ బుజ్జిగాడు. జ్వరం వచ్చి పోయిన ఒక్కగానొక్క కొడుకు. ముందు పళ్ళు రెండూ ఊడిన నవ్వుతో సహా వాడే. వాడు పోయినప్పటినుంచీ ఆవిడ చర్చి గడప తొక్కలేదు. దిండు మీదా, ఆయన నుదుటి మీదా, కాలిన అద్దం మీదా కూడా చేతి వెనక వైపు ఆనించి వేడి చూడటం అలవాటైపోయింది.

ఆయన పట్టీ అందుకున్నాడు. ఆవిడ ఆ చెయ్యి పట్టుకుంది.

"పళ్ళు రానివ్వండి," అంది. "ఆ రెండు పళ్ళూ వస్తే చూసి బిగిద్దాం."

ఆయన పట్టీ పక్కన పెట్టేశాడు. మర్నాటికి పళ్ళు వచ్చాయి, కొంచెం ఎత్తుగా. మీ వైపు పోలికే అని ఆవిడ దెప్పింది. చాలా కాలానికి ఆ ఇంట్లో నవ్వు వినబడింది. పళ్ళు చూశాక ఇక మీసాలు చూడాలంది. మీసాలూ వచ్చాయి. ఫాదర్ పని ఎంతవరకు వచ్చిందో చూడ్డానికొస్తే, ఇద్దరూ అద్దం మీద గుడ్డ కప్పి దొంగల్లా నిలబడ్డారు. పండగలోపు కిటికీ చర్చి గోడకెక్కాలని చెప్పి ఫాదర్ వెళ్ళిపోయాడు.

వాడు నిండు యువకుడయ్యాక ఆవిడే కడుపు నిండినట్టు కుంచె కడిగేసుకుంది. "చాలండీ. ఇక బిగించెయ్యండి," అంది.

అప్పుడు మొరాయించింది ఆయన. వాడు తన ఈడుకొచ్చేదాకా ఆగుదామన్నాడు. కొడుకు ఎదిగొస్తే సాయంత్రాలు పక్కన కూర్చుని ఏదో ఒకటి మాట్లాడుకోవాలని వాడు పుట్టిన రోజునుంచీ ఆయనకి ఉండేది. అద్దాన్ని కిటికీకి ఆనించి, పక్కన కుర్చీ వేసుకున్నాడు. వాడికీ కళ్ళ కింద సంచులొచ్చాయి, నుదురు ఖాళీ అయింది. అన్నదమ్ముల్లా ఉన్నారని ఆవిడే అంది. ఆయన ధరల గురించీ, మోకాళ్ళ నొప్పి గురించీ వాడితో చెప్పుకుంటూ పోయాడు. బిగించాలని తెలుసు. పట్టీ ఒళ్ళోనే ఉంది. చెయ్యి మాత్రం లేవలేదు.

లేచి చూసేసరికి వాడు ఆయన్ని దాటిపోయాడు. జుట్టు ముగ్గుబుట్టయింది. చెవి పక్కన ఒక గీత చెరిగి, అక్కడినుంచి అవతలి గోడ కనబడింది.

ఆయన గబగబా పట్టీ కోశాడు. పొట్టిదయింది. ఇంకోటి కోస్తే వంకరపోయింది.

"నా వల్ల కావట్లేదే," అన్నాడు.

ఎన్నడూ సీసం ముట్టని ఆవిడ ఆయన్ని పక్కకి జరిపింది. వేళ్ళు కాలుతున్నా వదలకుండా చుట్టూ పట్టీ బిగించి, ముద్దలు ముద్దలుగా మాటేసింది. చెరగడం ఆగింది. చిన్న అంగీ, చిన్న రెక్కలు, వాటి పైన పండు ముసలాడి ముఖం.

ఫాదర్ కోసం పిల్లాడి ముఖం మళ్ళీ గీద్దామని ఆవిడ కూర్చుంది. ఎన్నిసార్లు గీసినా కుంచెకి ముసలాడే వచ్చాడు. ఊడిన పళ్ళ మధ్య సందు ఎంత ఉండేదో ఇద్దరికీ గుర్తు రాలేదు. అద్దం మీద పెంచుకున్నందుకు, గుర్తున్న పిల్లాణ్ణి పోగొట్టుకున్నారు.

కిటికీ తీసుకెళ్ళడానికొచ్చిన ఫాదర్ చాలాసేపు చూశాడు. ఆవిడ కాలిన వేళ్ళూ చూశాడు.

"దేవదూతల వయసు ఎవరు చూడొచ్చారు లెండి," అని ఎత్తించుకుపోయాడు.

పండగనాడు ఆవిడే ముందు తయారైంది. చర్చిలో నేరుగా వెళ్ళి ఆ కిటికీ కింద నిలబడింది. ఎండ ఎక్కేకొద్దీ ముసలాడి ముఖంలోంచి పసుప్పచ్చ వెలుగు జారి, ఆవిడ నుదుటి మీద జ్వరం చూస్తున్నట్టు ఆనింది. ఆవిడ కదల్లేదు.

"మన తరవాత కూడా ఉంటాడండీ వీడు," అంది మెల్లగా. "ముందు పోయేది మనమే."

ఆ రోజునుంచీ ఆవిడ దేని మీదా చెయ్యి పెట్టి వేడి చూడలేదు.

ఆయన మాత్రం ఆ వెలుగులోకి ఒక అడుగు జరిగి కళ్ళు మూసుకున్నాడు. పళ్ళూడిన ఆ నవ్వు ఒక్కసారి కనబడితే చాలనుకున్నాడు. ఎంత వెతికినా ముసలాడే వచ్చాడు. ఆయన ఏడుస్తుంటే, కొడుకు వెలుగు ఆయన నుదుటి మీద కూడా కాసేపు ఆగింది.