ఎక్కువ కష్టపడ్డ పాపం

తక్కువ జీతాలవాళ్ళకి ఆదాయాన్ని బట్టి అద్దెకిచ్చే ఇంటికోసం ట్వైలా వెస్ట్ వర్జీనియాలో ఫోన్ చెయ్యని ఊరు లేదు. వీలింగ్ నుంచి బ్లూఫీల్డ్ దాకా ఎవరిని కదిపినా ఒకటే పాట: పేరు రాసుకుంటాం, పిలుస్తాం. పిలిచే నాథుడేడీ! అద్దెకున్న ఇంటిని కొత్తగా కొన్నవాడు వెళ్ళగొట్టాక తల్లికీ, పదేళ్ళ కూతురు జోలీన్‌కీ కారులోనే కాపురం. పిల్ల కాళ్ళు చాపుకుని పడుకుని ఎన్నాళ్ళయిందో!

చివరికి ఎల్కిన్స్ నుంచి పిలుపొచ్చింది.

"అడ్వాన్సు మాత్రం సిద్ధంగా పెట్టుకో తల్లీ. అది లేకపోతే తాళం ఇవ్వలేను" అంది అక్కడి ఇళ్ళ మేనేజరు వెర్నా.

పెట్టుకోక ఏం చేస్తుంది? తను పనిచేసే వృద్ధాశ్రమం వంటింట్లో ఎవరు సెలవు పెట్టినా వాళ్ళ డ్యూటీ కూడా తనే చేసింది. క్రిస్మస్ పూటా అంట్లే తోమింది. ఒళ్ళు హూనమైంది గానీ డబ్బు కూడింది.

ఇవాళ ఆ డబ్బు కవరులో పెట్టి, జీతం చీటీలతో సహా తెచ్చి వెర్నా బల్ల మీద పెట్టింది. వెర్నా కవరు ముట్టుకోలేదు. జీతం చీటీలు తిరగేసి కళ్ళద్దాలు తీసింది.

"ఇదేంటమ్మా, ఇంత సంపాదించావు?"

"అదనపు డ్యూటీలండీ. ఈ నెలతో సరి."

"ఈ చీటీలతోనే ఏడాదికి లెక్క కట్టాలి. నీ ఆదాయం పరిమితి దాటిపోయింది. ఇల్లివ్వడానికి రూలొప్పదు."

"నాకా? పరిమితి దాటిందా? కారులో పడుకుంటున్నానండీ!"

"తెలుసమ్మా. అంత విరగబడి చెయ్యమని నీకెవరు చెప్పారు?"

"మీరే కదండీ! అడ్వాన్సు పట్టుకురమ్మన్నది మీరు కాదూ?"

వెర్నా తల దించుకుంది. ఆవిడ మాత్రం ఏం చేస్తుంది, రూలు ఆవిడ రాసిందా?

"అదనపు పని మానేసి మళ్ళీ పేరు రాయించుకో. అందరికంటే వెనక పడుతుంది మరి" అంది.

ఈలోగా ఈ డబ్బు కారుకీ కడుపుకీ కరిగిపోదూ! మళ్ళీ కూడబెట్టాలంటే మళ్ళీ అవే డ్యూటీలు, మళ్ళీ ఇదే మాట. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ట్వైలాకి ఆ బల్ల ఎత్తి పడెయ్యాలనిపించింది. కవరు తీసుకుని బయటికి నడిచింది.

కారులో జోలీన్ తల దువ్వుకుని, ముందు సీట్లో బుద్ధిగా కూర్చునుంది.

"అమ్మా, నా గది ఏదే? దుప్పట్లన్నీ మూటకట్టేశా, ఇంక కారులో పడుకోం కదా!"

ట్వైలా వెనక తలుపు తీసి, ఆ మూట దగ్గరికి లాక్కుని ముడి విప్పడం మొదలుపెట్టింది. పిల్ల గట్టిగా కట్టింది. ఒక పట్టాన ఊడలేదు.