హాస్టల్ ఖాళీ అయ్యాక

నేను ఒక గ్రైండర్‌ని. ఇళ్ళలో వంటగట్టు మీద కూర్చునే చిన్నరకం కాదు. పదిహేను లీటర్ల పిండి పట్టే హోటల్ రకం. కోయంబత్తూరులో నా రాళ్ళు చెక్కి, మోటారు బిగించారు. అక్కణ్ణుంచి లారీలో హైదరాబాదు వచ్చి, అమీర్‌పేటలో ఒక ఆడపిల్లల హాస్టల్ వంటింట్లో కుదురుకున్నాను.

ఆ హాస్టల్‌ను చీరాల నుంచి వచ్చిన వసుంధర గారు నడిపేవారు. అద్దెకు తీసుకున్న నాలుగంతస్తుల్లో తొంభై మంది అమ్మాయిలు. ఎక్కువమంది కంప్యూటర్ ఉద్యోగాలవాళ్ళే. వంటమనిషి తవిటమ్మది శ్రీకాకుళం జిల్లా నరసన్నపేట. ఇడ్లీ గట్టిగా వస్తే అమ్మాయిలు ఆమె మీద విసుక్కునేవారు, ఆమె నన్ను తిట్టేది. నాకు తిట్టడానికి ఎవరూ లేరు.

రెండు వేల ఇరవై మార్చిలో కరోనా భయంతో ఆ తొంభై మందీ మూడు రోజుల్లో వెళ్ళిపోయారు. "పదిహేను రోజుల్లో వచ్చేస్తాం ఆంటీ" అని పరుపులు, బకెట్లు వదిలి వెళ్ళారు. వసుంధర గారు నమ్మారు. అప్పటికే నానబోసిన మినప్పప్పును పారబోయలేక తవిటమ్మ రుబ్బి, వీధిలోని కాపలావాళ్ళకు ఇడ్లీలు పెట్టింది. ఆ తరవాత ఆరు నెలలు నా రాళ్ళు కదల్లేదు.

బయట ఒక్కొక్కటీ తెరుచుకుంది. అమ్మాయిలు మాత్రం రాలేదు. వాళ్ళ ఉద్యోగాలు పోలేదు, వాళ్ళ ఇళ్ళకే వెళ్ళిపోయాయి. మా వీధిలో టీకొట్టుకూ ఇస్త్రీ బండికీ ఆ సౌకర్యం లేదు. సెప్టెంబరులో వసుంధర గారు భవనం వదులుకున్నారు. పాత సామాన్లు కొనేవాడు మంచాలన్నీ లాక్కెళ్ళాక నా మీద చెయ్యి వేశాడు.

తవిటమ్మ అడ్డంగా నిలబడింది. "అమ్మా, దీన్ని పాతినుములో కలిపీకండి. నాకిచ్చీయండి."

"నీకెందుకే? మీ ఊళ్ళో ఎవరికి రుబ్బుతావు?"

"ఆ పిల్లలందరూ ఇప్పుడు ఊళ్ళలోనే ఉన్నారు కదమ్మా. ఆళ్ళు టిపినీ తినరేటి?"

వసుంధర గారు ఆ కొనేవాడి చెయ్యి నా మీద నుంచి తీయించారు. "తీసుకుపో" అని గోడవైపు తిరిగారు.

నరసన్నపేటలో తవిటమ్మ నన్ను వసారాలో నిలిపి, పిండి కవర్లలో పోసి అమ్మడం మొదలుపెట్టింది. "ఇంట్లో మిక్సీ పెట్టుకొని పిండి కొంటారా ఎవరైనా?" అని చుట్టుపక్కలవాళ్ళు నవ్వారు. మొదటి వారం సగం పిండి పులిసిపోయింది. నాకే భయం వేసింది. మొదట కొన్నది ఎదురింటి కోడలు. పొద్దున్నే ల్యాప్‌టాప్ ముందు కూర్చోవాల్సిన మనిషి. ఆమె మరో ఇద్దరికి చెప్పింది. రెండేళ్ళు తిరిగేసరికి నలభై ఇళ్ళు అయ్యాయి. తవిటమ్మ మరో ఇద్దరు ఆడవాళ్ళకు పని ఇచ్చింది.

అప్పుడు వసుంధర గారు ఫోన్ చేశారు.

"గచ్చిబౌలిలో వార్డెన్‌గా చేస్తున్నా తవిటమ్మా. ఆఫీసులు పిలుస్తున్నాయి, హాస్టళ్ళు నిండుతున్నాయి. మా ఓనరుకి మంచి వంటమనిషి కావాలంట. వస్తావా?"

తవిటమ్మకు ఒక్క మాటే వినిపించింది. "మీకు ఓనరేటమ్మా?"

"జీతం ఎంత కావాలో చెప్పు, అడుగుతాను" అన్నారు వసుంధర గారు. పెద్ద హాస్టళ్ళే మళ్ళీ లేచాయనీ, ఉన్నదంతా ఊడ్చి ఒకటి పెట్టిన మనిషి మరొకటి పెట్టలేదనీ ఆ మాట తప్పించడంలోనే తెలిసిపోయింది.

"నాను రాలేనమ్మా" అంది తవిటమ్మ చివరికి. "మీరే ఒకపాలి ఇటు రండి. పనికి కాదు. మీరు కూకుంటే నాను వడ్డిస్తాను."

"వస్తాలే" అన్నారు వసుంధర గారు.

ఇంకా రాలేదు. అంతా మామూలైపోయిందని మనుషులు చెప్పుకుంటున్నారు. ఆ రోజు తవిటమ్మ ఫోను పక్కన పెట్టి, కొంగుతో ముఖం తుడుచుకొని, పప్పు కడగడానికి లేచింది.