గేరు బండి లైసెన్సు

తిరుమలేశ్ మీద నాకున్న కోపం తాగొచ్చి కొట్టినందుకు కాదు. నా మొగుడు తాగడు, కొట్టడు. బండి నేర్పిండు, నేర్పినంక ఆ బండి పని నాది కాదన్నడు. కోపం అందుకే.

రోజూ పొద్దుగాల అంట్లు తోమి, అత్తకు చాయ్ ఇచ్చి, విగ్గు ముందట పెట్టుకుని కూసుంట. షాంపూతోని కడగాలె, చిక్కులు తియ్యాలె, దండెం మీద ఆరెయ్యాలె. పెండ్లయిన కాడి నుంచి నా జుట్టు కంటే ఆ జుట్టునే ఎక్కువ దువ్విన. తిరుమలేశ్ హీరోయిన్లకు డూపు. సినిమాల హీరోయిన్ మోటర్ సైకిల్ నడిపే సీనుంటే, సన్నగ ఉంటడని ఆయనకు విగ్గు పెట్టి, చుడీదార్ తొడిగి, ముఖం కనబడకుండ తీస్తరు. ఆ చుడీదార్ల కుట్లు విప్పి ఆయన కొలతకు మళ్ల కుట్టేది నేనే. దానికి ఎవరూ కూలి ఇయ్యలే. కూలి అడిగే పనని నాకూ తోచలే.

రెండేండ్ల కింద ఫిల్మ్‌నగర్ గుట్ట మీద షూటింగ్‌ల పడి, ఎడమ మణికట్టు విరిగింది. అతికింది గాని క్లచ్ పట్టే బలం రాలే. పని బందైతే ఫైటర్ల యూనియన్ కార్డు పోతదని, అది లేకుంటే ఎవరూ పిలవరని ఆయనకు భయం. అప్పుడు యాదికొచ్చిన నేను.

"కారు నడుపుతవు గద, బండి ఎంత?" అన్నడు.

కారు లైసెన్సు నాకు అంతకు ముందే ఉంది. జూబ్లీహిల్స్‌ల నేను పనిచేసే అనసూయమ్మగారింట్ల కొడుకు, కోడలు ఇద్దరూ సాఫ్ట్‌వేర్. పొద్దుగాల పోతే రాత్రికి గాని రారు. పిల్లలను బడికి దించెతందుకు ఆడ డ్రైవరే కావాలని వాళ్లే ఇప్పించిన్రు. జీతం తెచ్చి అత్త చేతిల పెడత. "మా కోడలు కారు నడుపుతది" అని మా అత్త కొమురమ్మ చుట్టాల ముందట మీసం తిప్పినట్టు చెప్తది. బండి దగ్గరికొచ్చే వరకు మాట మారింది. "మొగోని లెక్క కాలేసి కూసుంటదట, సిగ్గు లేదు." ఆ కాలేసి కూసున్న పైసలతోనే ఆమె షుగర్ మందులు.

రెండేండ్ల సంది నేనే నడుపుతున్న. నా జుట్టు ముడేసి, దాని మీద ఆయన కోసం కొన్న విగ్గు. ఆడమనిషికి డూపు మొగోడు, ఆ మొగోనికి డూపు మళ్ల ఆడమనిషి. యూనిట్ల అందరికీ ఎరుకే. అయినా షాట్ అయినంక "తిరుమలేశ్" అని పిలుస్తరు. నీడకు కుర్చీల కూసున్న మనిషి లేచి పోయి సంతకం పెట్టి పైసలు తెచ్చుకుంటడు. నేను మోచేతుల మట్టి దులుపుకుంట.

పోయిన నెల ఫైట్ మాస్టర్ త్రినాథరావుగారు పిలిచిండు. "నీలా, హీరోయినే అడిగిందమ్మా, చేసేది ఆ అమ్మాయైతే పేరు ఆయనదేంటి అని. వచ్చే నెల్లో ఛేజ్ ఉంది. గేరు బండి లైసెన్సు తెచ్చుకో, నీ పేరున కార్డు ఇప్పించే పూచీ నాది."

ఇంటికొచ్చి చెప్పిన. తిరుమలేశ్ పళ్లెం మీద నుంచి తల ఎత్తలే.

"కారుది ఉంది గద. మళ్ల ఇంకోటెందుకు?"

"కారుదాంతోని బండి చెల్లదట."

"నీకు కార్డొస్తే నన్నెవడు పిలుస్తడే? నేనేం జెయ్యాలె, ఇంట్ల కూసోని నీ చుడీదార్లు కుట్టాల్నా?"

కుట్టొచ్చు గద, అనుకున్న. చారు పోసిన.

చెప్పకుండనే పోయి లెర్నింగ్ లైసెన్సు తీసుకున్న. నెల దాటినంక మంగళారం నాడు ఆర్టీఓ ఆఫీసుల టెస్టు. గేటు కాడ ఏజెంట్ "స్కూటీకేనా అక్కా?" అన్నడు. గేరు బండికంటే నన్ను కింది నుంచి మీదికి చూసిండు. చూడనియ్, అనుకున్న. గుట్ట మీద రాళ్లల్ల ఎగిరించినదాన్ని, సిమెంటు మీద ఎనిమిది గీసుడు నాకొక లెక్కనా. కాలు కింద పెట్టకుండ తిప్పిన.

బ్రేక్ ఇన్‌స్పెక్టర్ చెయ్యెత్తిండు. "ఆగమ్మా. బండి ఇటు వస్తుంటే నువ్వు అటు చూస్తావేంటి?"

నాకు సమజ్ కాలే. మళ్ల వెయ్యమన్నడు. ఏసిన. అప్పుడు తెలిసింది. ఆయన నిలబడ్డ జాగ, మా షూటింగ్‌ల కెమెరా పెట్టే జాగ. "ఫేస్! ఫేస్ కనపడుతోంది!" అని రెండేండ్ల సంది అరిచి అరిచి మాస్టర్ నేర్పిన విద్య. కెమెరా దిక్కు మర్లంగనే ముఖం అవతలికి పోవాలె. మూడోసారి పండ్లు బిగబట్టి, ఇటే చూడాలె, ఇటే చూడాలె అనుకుంట పోయిన. చెయ్యి నా మాటింటున్నది, కాలు ఇంటున్నది. మెడ ఇంటలేదు. ఆయన ముందటికి రాంగనే అదే తిరిగింది, ఎవరో గదవ పట్టి తిప్పినట్టు.

"దారి చూడని మనిషికి లైసెన్సు ఎలా ఇవ్వనమ్మా? వారం తర్వాత రా."

గోడ నీడకు కూసున్న. ఏడుపు రాలే. ఇంట్ల గూడ గిట్లనేనా నేను? ఎవలన్నా చూస్తున్నరంటే ముఖం తిప్పుకునుడేనా? కనబడకుండ చేసుడే నాకొచ్చిన పని అయిందా? ఆ మెడను ఏం చేస్తే మాటింటదో, ఎవరిని అడగాల్నో తెలవలే.

ఇంట్ల తిరుమలేశ్‌కు ఎట్ల తెలిసిందో తెలిసింది. తిట్టలే. పెండ్లయినంక మొదటిసారి నాకు మంచినీళ్లు తెచ్చిచ్చిండు. "ఫికర్ చెయ్యకు నీలా. శుక్రారం ఛేజ్ ఎప్పటి లెక్కనే నా పేరు మీద కానియ్." ఆ గిలాస పక్కకు పెట్టిన. తిడితే బాగుండు.

శుక్రారం గుట్ట మీద బండి తయారుగ పెట్టిన్రు. "లైసెన్సు వచ్చిందా?" అన్నడు మాస్టర్.

"రాలే సార్. బుధారం మళ్ల పోత."

"సర్లే, ఈసారికి మీ ఆయన పేరు రాయిస్తాను. ఎక్కమ్మా, ఎండ దిగిపోతోంది."

"ఎక్కను సార్."

తిరుమలేశ్ ఉరికొచ్చిండు. "పిచ్చి లేసిందా? సాఫ్ట్‌వేరోళ్లు డబల్ కిరాయి ఇస్తమంటున్నరని ఓనర్ ఇల్లు ఖాళీ చెయ్యమంటున్నడు. జర సోంచాయించు, కిరాయి కట్టాలె."

నిజమే. ఇంట్ల బియ్యం గూడ అడుగుకొచ్చినయ్. గుట్ట దిగి బస్సు కోసం నడిచిన. ఎనుక ఎవలో ఇంకో సన్నటి పిలగాన్ని ఎక్కించినట్టున్నరు, బండి స్టార్ట్ అయిన చప్పుడైంది. తిరిగి చూడలే.

ఆ పొద్దు కూలి కింద పోయినయి నాలుగు వేల అయిదు వందలు. పేరు ఆయనది, సంతకం ఆయనది. పోయినయి గూడ తిరుమలేశ్‌వే.